తొంభై నాలుగో పేజీ మనుషులు

సోమవారం ఉదయం మొదటి బెల్లు కొట్టేసరికి ఏడో తరగతి గణితం పుస్తకం తొంభై నాలుగో పేజీలోని పన్నెండు మంది మనుషులు పారలు పట్టుకుని వచ్చి, గుమ్మలపాడు హైస్కూల్లో హెడ్మాస్టరు గది ముందు వరసగా నిలబడ్డారు. హెడ్మాస్టరు పేర్రాజు గారు వాళ్ళని రెండుసార్లు లెక్కపెట్టి, వ్యాను డ్రైవరు తెచ్చిన చలానా చూశారు.

"మనుషులు పన్నెండు, పారలు పన్నెండు, కాలువ ఒకటి అని ఉందేంటయ్యా. కాలువేదీ?"

"కాలువ ఇంకా తవ్వలేదు కదండీ," అన్నాడు డ్రైవరు. "ఈళ్ళు తవ్వాక వచ్చుద్దండి."

అదీ నిజమేనని పేర్రాజు గారు సంతకం పెట్టి, ముద్ర వేశారు.

లెక్కల్ని బోర్డు మీద చూస్తే పిల్లలకి ఎక్కడం లేదని, ఎదురుగా నిలబెట్టి చూపించాలని పై ఆఫీసు వారు ఆ ఏడాది జూన్‌లోనే నిర్ణయించారు. అప్పట్నుంచీ నెలకో సమస్య ప్రాణంతో సహా బడికి వస్తోంది. జులైలో నీళ్ళ తొట్టి వచ్చింది. నింపే కుళాయిలు రెండు, ఖాళీ చేసే కుళాయి ఒకటి. తొట్టి తిరిగి వెళ్ళిపోయింది గానీ వరండాలో తడి ఇంకా ఆరలేదు. ఆగస్టులో కొడుకు వయసుకి మూడింతలున్న తండ్రి, కొడుకుని వెంటబెట్టుకొచ్చి మూడు రోజులుండి వెళ్ళాడు. ఇంకో పదేళ్ళు పోతే రెండింతలే అవుతానని బెంగపడుతూ కూర్చోవడం తప్ప ఆయన వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళని మాత్రం, అక్కడ స్టేషనుందని, పక్క మండలానికి కేటాయించారు.

లెక్కల టీచరు సువర్చల గది గుమ్మంలో నిలబడి ఆ పన్నెండు మందినీ చూసింది. పందొమ్మిదేళ్ళుగా ఆవిడ ఈ లెక్క చెబుతోంది. పన్నెండు మంది ఒక కాలువని పద్దెనిమిది రోజుల్లో తవ్వగలరు. ఆరు రోజుల తర్వాత నలుగురు వెళ్ళిపోయినచో, మిగిలిన పనిని మిగిలినవారు ఎన్ని రోజుల్లో పూర్తి చేయుదురు? ఇన్నేళ్ళలో వాళ్ళ మొహాలెలా ఉంటాయోనని ఒక్కసారీ అనుకోలేదు. రోజూ పేరెత్తి మాట్లాడుకునే చుట్టాలు చెప్పాపెట్టకుండా గుమ్మంలోకొస్తే ఎలా ఉంటుందో, అలా ఉంది ఆవిడకి. ముందు కుర్చీలెన్ని ఉన్నాయో చూసుకుంది. ఎన్ని లేవో తేలాక "రండి రండి" అంది.

"ఆయ్, వచ్చామండి," అన్నాడు వరసలో మొదటివాడు. "తవరు మాకు కొత్తకాదు కదండీ. పందొమ్మిదేళ్ళుగా తవరి చేతి మీదే ఎల్తన్నాం."

అందరూ ఒకే ఎత్తు, ఒకే వయసు, ఒకే నీలం గళ్ళ లుంగీ. గంటకి అందరూ ఒకే కొలత మట్టి తీస్తారు. పుస్తకంలో చెప్పలేదు కాబట్టి దాహం వేయదు.

ఈ సమస్యని పిల్లలు జట్లుగా కూర్చుని, కలిసి సాధించాలని నియమం. దాని మీద సువర్చల మండలం ఊళ్ళో మూడు రోజుల శిక్షణ కూడా తీసుకుంది. కలిసి మాట్లాడుకుంటూ నేర్చుకోవడం ఎలాగో అక్కడ ఒకాయన మూడు రోజులూ ఒక్కరే మాట్లాడి చెప్పారు. పక్కవాళ్ళతో మాట్లాడిన ఇద్దరు టీచర్లకి మెమో ఇచ్చారు. జట్టుకి నలుగురు. ఒకరు నాయకత్వం వహించాలి, ఒకరు రాయాలి, ఒకరు టైము చూడాలి, ఒకరు ప్రోత్సహించాలి. ఏడో తరగతి బి సెక్షన్‌లో ఇరవై ఎనిమిది మంది ఉన్నారు కాబట్టి జట్లు ఏడు తేలాయి. అందులో నాలుగో జట్టుని మొదట్నుంచీ సువర్చల కళ్ళెదురుగా, మొదటి బల్ల మీదే కూర్చోబెట్టింది. పెరట్లో పిల్లి తిరుగుతున్నప్పుడు పాలగిన్నె ఎక్కడ పెట్టుకుంటామో అక్కడ.

ఆ జట్టుకి నాయకురాలు నాగదుర్గ. రాసేవాడు మోషే. టైము చూసేది షాహిదా, వాళ్ళ నాన్న వాచీ పెట్టుకొస్తుంది. ప్రోత్సహించేవాడు మణికంఠ. ఎవరేం చెప్పినా, ఆఖరికి మంచినీళ్ళకి వెళ్తానని చెప్పినా, "శభాష్, చాలా బాగా చెప్పావు" అంటాడు. అది అతని డ్యూటీ.

నెలాఖరుకి సమస్య తేలాలి. పరిష్కార పత్రంలో జవాబు, పై ఆఫీసు వారి జవాబుల పట్టికతో సరిపోవాలి. ఈ లెక్కకి పట్టికలో ఉన్న జవాబు పద్దెనిమిది. సరిపోకపోతే ఆ టీచరు సర్వీసు రిజిస్టరులో 'అపరిష్కృతం' అని రాస్తారు. బడుల్లో ఎక్కువైన టీచర్లని ఏరే జాబితా ఒకటి తయారవుతోందనీ, 'అపరిష్కృతం' ఉన్నవాళ్ళ పేర్లు అందులో ముందుంటాయనీ స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలుసు. గుమ్మలపాడు హైస్కూల్లో టీచర్లు పన్నెండు మంది. సువర్చల ఆ రోజు ఇంటికెళ్ళి పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

పని మంగళవారం మొదలవ్వాలి. వర్షమొస్తే ఏడో తరగతి గదిలోకి నీళ్ళొస్తాయి కాబట్టి, గది వెనక నుంచి రోడ్డు తూము దాకా కాలువ తవ్వించాలని పేర్రాజు గారు తీర్మానించారు. అయితే ముందు హాజరు పడాలి. ఫోనులో హాజరు వేసే యాప్, పేరు లేనిదే ముందుకి జరగదు. ఆ పని నాలుగో జట్టుకి అప్పగించింది సువర్చల. అదే ఆవిడ చేసిన పొరపాటు.

"బాబాయ్, నీ పేరేంటి?" అంది నాగదుర్గ.

"మాకు పేర్లుండవమ్మా. పన్నెండు మంది అంతే."

"మరి నిన్నొక్కడినీ పిలవాలంటే?"

"నన్నొక్కడినీ ఎవరూ పిలవరమ్మా."

జట్టు నలుగురూ తలలు దగ్గరగా పెట్టి గుసగుసలాడుకున్నారు. మనిషికి ముగ్గురు చొప్పున పంచుకుందామని షాహిదా అంది. శభాష్ అన్నాడు మణికంఠ. మోషే తన వాటాకొచ్చిన ముగ్గురికి యాకోబు, దావీదు, గిద్యోను అని పెట్టాడు. షాహిదా తన ముగ్గురు మామయ్యల పేర్లు ఖాదర్, జిలానీ, బాషా అని ఇచ్చేసింది. మణికంఠ కెప్టెన్, కీపర్, అంపైర్ అన్నాడు. నాగదుర్గ ఇంటర్వెల్ అంతా ఆలోచించి పొట్టయ్య, పొడుగయ్య, నడిమయ్య అని రాయించింది.

"అందరూ ఒకే ఎత్తు కదే," అంది సువర్చల.

"పేరు పెట్టాం కదా టీచర్. సర్దుకుంటారు."

మర్నాటికి సర్దుకున్నారు. పొట్టయ్య నాలుగంగుళాలు తగ్గాడు. పొడుగయ్యకి లుంగీ మోకాళ్ళ దాకా వచ్చింది. అంతటితో ఆగలేదు. ఖాదర్‌కి దాహం వేయడం మొదలైంది. గిద్యోను మట్టి తీస్తూ పాడతాడు, పాట బావుంటే మిగతావాళ్ళు పార ఆపేస్తారు. అంపైర్ ప్రతి చిన్నదానికీ తగువు తీర్చబోతాడు. జిలానీకి నడుం నొప్పి. మధ్యాహ్నం భోజనంలో బాషా గుడ్డు తిననని చెప్పి, అది యాకోబు పళ్ళెంలో వేస్తాడు. వీళ్ళందరూ సమానంగా పనిచేస్తారని కదా లెక్కంతా నిలబడింది, ఇదెక్కడికి పోతుందోనని సువర్చల పీరియడ్‌కోసారి కిటికీలోంచి చూసుకునేది. కానీ ఆరో రోజు సాయంత్రం టేపు పట్టుకుని కొలిస్తే కాలువ సరిగ్గా మూడో వంతు అయింది. జిలానీ వెనకబడ్డ మేర కెప్టెన్ తవ్వేస్తున్నాడు. ఖాదర్ నీళ్ళకెళ్తే పొడుగయ్య రెండు పారలు పడుతున్నాడు. శిక్షణలో ఆయన మూడు రోజులు చెప్పినది ఇదే కాబోలునని ఆవిడకి అప్పుడు అర్థమైంది.

మర్నాడు ఉదయం నలుగురు వెళ్ళిపోవాలి.

ఏ నలుగురన్నది పుస్తకంలో లేదు. సువర్చల పై ఆఫీసుకి ఫోను చేసింది. అవతలాయన కాగితాలు తిరగేసి, "ఏ నలుగురైనా ఒకటేనండి. ఎనిమిది మిగిలితే చాలు," అన్నాడు.

ఆవిడ క్లాసుకొచ్చి, నలుగురిని ఎంపిక చేయమని జట్లకి పది నిమిషాలిచ్చింది. ఆరు జట్లూ చీట్లు వేశాయి. నాలుగో జట్టు ఖాళీ కాగితం ఇచ్చింది.

"ఏంటిది?"

"ఎందుకెళ్ళాలి టీచర్ వాళ్ళు?" అంది నాగదుర్గ.

"పుస్తకంలో ఉంది."

"తప్పు చేశారా?"

"లేదు."

"ఒంట్లో బాలేదా?"

"లేదే తల్లీ. వెళ్ళిపోయినచో అనుకోవాలంతే."

"సరే అనుకున్నాం. ఎక్కడికెళ్తారు?"

పందొమ్మిదేళ్ళలో, ఏడాదికి రెండు సెక్షన్ల చొప్పున, వెయ్యి మందికి పైగా పిల్లలు ఈ లెక్క చేశారు. ఇందులో ఎల్‌సీఎం ఎందుకు తీసుకోవాలని అడిగినవాళ్ళున్నారు. వాళ్ళెక్కడికెళ్తారని అడిగినవాళ్ళు లేరు. సువర్చల కిటికీలోంచి బయటికి వంగింది. కాలువ గట్టున నడిమయ్య పార కడుగుతున్నాడు.

"ఏవయ్యా, ఆ వెళ్ళిపోయే నలుగురూ ఎక్కడికెళ్తారు?"

"పేజీ అడుగుకండి," అన్నాడు నడిమయ్య. "అక్కడ అంచు మీద నిలబడతామండి. పని మిగిలితే మళ్ళీ పిలుత్తారేమోనని. ఈలోగా జవాబు వచ్చేసుద్దండి. జవాబొచ్చాక ఇంకెవరూ ఆ పేజీలోకి చూడరు కదండీ."

మణికంఠ అలవాటు కొద్దీ నోరు తెరిచి, ఏమనాలో తెలీక మూసేశాడు.

సువర్చల కుర్చీలో కూర్చుంది. పద్దెనిమిది రావాలంటే నలుగురు వెళ్ళాలి. వెళ్ళకపోతే పన్నెండు రోజుల్లో పనైపోతుంది, పత్రంలో పన్నెండు పడుతుంది, తన రిజిస్టరులో 'అపరిష్కృతం' పడుతుంది, తను ఈ గదిలో ఉండదు. ఇదేదీ పిల్లలకి చెప్పలేదు. కానీ నాగదుర్గ వాళ్ళ పిన్ని అదే బళ్ళో వంట చేస్తుంది కాబట్టి స్టాఫ్‌రూమ్‌లో మాటలు మధ్యాహ్నానికి వంటపాకలోకీ, సాయంత్రానికి ఏడో తరగతిలోకీ వచ్చేస్తాయి.

నాలుగో జట్టు ఆ పూట మంచినీళ్ళకి కూడా లేవలేదు. మొదట గట్టిగా దెబ్బలాడుకున్నారు. మోషే పెన్ను విరిగింది. ఇంటర్వెల్ బెల్లుకి ముందు షాహిదా వాచీ చూసి "అయిపోయింది" అంది. నాగదుర్గ లేచి కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"రోజూ నలుగురు వెళ్తారు టీచర్. మా నలుగురి దగ్గర్నుంచీ ఒక్కొక్కరు. ఇవాళ పొట్టయ్య, యాకోబు, ఖాదర్, కెప్టెన్. రేపు వాళ్ళొచ్చేస్తారు, ఇంకో నలుగురెళ్తారు. ఎల్లుండి మిగతా నలుగురు. ఎప్పుడు చూసినా నలుగురు లేనట్టే. ఎప్పుడు చూసినా ఎనిమిది మందే తవ్వుతున్నట్టే. పద్దెనిమిది రోజులే పడుతుంది. మీ జవాబు మీకొచ్చేస్తుంది."

సువర్చల మనసులోనే గుణించింది. పద్దెనిమిది రోజులు, మూడు విడతలు. ఒక్కొక్కరికి ఆరేసి రోజుల సెలవు. ఒక్కరూ అంచు మీద మిగలరు. ఆవిడకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ టీచరు కాబట్టి, "మార్జిన్ గీయలేదేం?" అంది.

వంతు వచ్చిన నలుగురూ ఇంటికెళ్ళడానికి వాళ్ళకి ఇల్లు లేదు. అందుకని ఏడో తరగతిలోకొచ్చి వెనక బల్ల మీద కూర్చునేవారు. వాళ్ళకి చుట్టుకొలతలు ముందే వచ్చు, తెలుగులో ఒత్తులు రావు. గిద్యోను వంతు వచ్చిన రోజు అన్ని క్లాసులూ కిటికీలు తెరుచుకునేవి. జిలానీ నడుం నొప్పి తగ్గింది. ఇరవై నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి కాలువ తూముని ముట్టింది. అయిదింటికి వాన పడింది. ఏడో తరగతి గదిలోకి నీళ్ళు రాలేదు. వరండా మాత్రం జులై నాటి కుళాయి వల్ల తడిగానే ఉంది.

మర్నాడు పరిశీలనాధికారి వచ్చి పత్రం చూశాడు. జవాబు పద్దెనిమిది. తల పంకించి, కింద రాసింది చదివి కళ్ళజోడు తీశాడు.

"నలుగురు వెళ్ళిపోయినచో అంటే వెళ్ళిపోవడమే కదమ్మా. వీళ్ళందరూ ఇక్కడే ఉన్నారు."

"వెళ్ళారు సార్," అంది నాగదుర్గ. "రోజూ వెళ్ళారు. పన్నెండు మందిలో వెళ్ళనివాళ్ళెవరూ లేరు."

"శభాష్, చాలా బాగా చెప్పావు," అన్నాడు మణికంఠ.

అధికారి కాసేపు కాలువ గట్టు మీద అటూ ఇటూ నడిచాడు. జట్టుని నిలబెట్టి ఫోటో తీశాడు. 'జవాబు సరియైనది. ఎనిమిది మందితో పని పూర్తగుట రుజువైనది' అని రాసి సంతకం పెట్టాడు. సువర్చల ఆ రాత్రి కంచంలో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకోకుండా హాయిగా తింది. శనివారం వ్యానొచ్చింది. పన్నెండు మందీ పిల్లల పేర్లన్నీ ఒకసారి అప్పజెప్పి, ఎత్తుల వారీగా వ్యానెక్కారు. పాట రోడ్డు మలుపు దాకా వినిపించింది.

తర్వాతి బుధవారం ఉత్తర్వు వచ్చింది. గుమ్మలపాడు హైస్కూల్లో పన్నెండు మంది చేసే పనిని ఎనిమిది మందితో పూర్తి చేయవచ్చునని సదరు పాఠశాల విద్యార్థులే సాధించి చూపినందున, పన్నెండు మంది ఉపాధ్యాయులలో నలుగురు తదుపరి ఆదేశాలు వచ్చువరకు పై ఆఫీసు వెనక వరండాలో వేచి ఉండవలెను. మిగిలిన సిలబస్‌ను మిగిలినవారు పూర్తి చేయుదురు. పేర్లు లేవు. వరుస సంఖ్యలు మాత్రం ఉన్నాయి. మూడు, అయిదు, ఎనిమిది, పదకొండు.

పేర్రాజు గారు ఉత్తర్వు చదివి స్టాఫ్‌రూమ్‌లో ఎవరి మొహం చూడాలో తెలీక గడియారం చూశారు. సువర్చల వరుస సంఖ్య ఎనిమిది.

"ఎవరైనా ఒకటేనా అని కనుక్కోండి మాస్టారూ," అంది ఆవిడ.

ఆయన ఫోను చేసి కనుక్కున్నారు. ఎవరైనా ఒకటేనట. ఎనిమిది మిగిలితే చాలట. మధ్యాహ్నానికి మాట వంటపాకకి చేరింది. సాయంత్రానికి నాలుగో జట్టు, మార్జిన్ గీసిన కాగితం ఒకటి తెచ్చి స్టాఫ్‌రూమ్ బల్ల మీద పెట్టి వెళ్ళింది. పన్నెండు మంది టీచర్లు, మూడు విడతలు. మొదటి రోజు ఎనిమిదో నంబరు, ఇంకో ముగ్గురు. టీచర్లు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆ స్టాఫ్‌రూమ్‌లో పన్నెండు మందీ ఒక కాగితం మీద సంతకం పెట్టడం అదే మొదటిసారి.

గురువారం సువర్చల కేరియరు, గొడుగు పట్టుకుని మిగతా ముగ్గురితో పై ఆఫీసు వెనక వరండాకి వెళ్ళింది. వరండా పొడుగ్గా, సన్నగా ఉంది. చివర్న ఒక మెట్టు, ఆ తర్వాత ఏమీ లేదు. ఆ మెట్టు మీద నీలం గళ్ళ లుంగీల్లో నలుగురు నిలబడి ఉన్నారు. పక్క మండలం బడికి పంపిన అదే లెక్కలోంచి ఏడో రోజు వెళ్ళిపోయినవాళ్ళు. నలుగురూ ఒకే ఎత్తున్నారు.

"ఆయ్, రండమ్మా," అని కాస్త జరిగారు.

"మీ నంబరండీ?" అన్నాడు కిటికీలోంచి గుమస్తా.

"ఎనిమిది," అంది సువర్చల. అన్నాక గానీ, తను పేరు చెప్పలేదన్న సంగతి తట్టలేదు. అప్పటికి ఆయన రాసేసుకున్నాడు. పేరుకి అందులో గడి కూడా లేదు.

మధ్యాహ్నం కేరియరు విప్పితే ఎనిమిది మందికీ తలా రెండు ముద్దలు వచ్చాయి. పుస్తకంలో లేకపోయినా నలుగురూ తిన్నారు. సాయంత్రం బడి వదిలాక నాలుగో జట్టు సైకిళ్ళ మీద వచ్చింది.

"టీచర్, రేపు మీరు లోపలికి. సోషల్ మాస్టారూ, డ్రిల్లు మాస్టారూ వాళ్ళు బయటికి," అంది నాగదుర్గ. "ఇవాళ లెక్కల పీరియడ్‌లో మీరు లేరని మణికంఠ ఎవర్నీ ప్రోత్సహించలేదు."

ఆ తర్వాత మెట్టు మీద నలుగురినీ చూసి ఆగింది. మోషే అడక్కుండానే నోటుబుక్కు తీశాడు.

"నలుగురే ఉన్నారే," అంది షాహిదా. "ఈసారి తలా ఒక్క పేరే."

"బాబాయ్," అంది నాగదుర్గ మొదటివాడితో, "నీకు పొడుగ్గా ఉండాలనుందా, పొట్టిగానా? ముందే చెప్పు."

అతను జన్మలో మొదటిసారి ఆలోచనలో పడ్డాడు. ఈలోగా గుమస్తా కిటికీ తలుపు వేసేస్తూ బయటికి తొంగి చూశాడు.

"వరండాలో మొత్తం ఎంతమందండీ?"

సువర్చల అటూ ఇటూ చూసి లెక్కపెట్టింది. నలుగురు టీచర్లు, నలుగురు పేజీ మనుషులు. "ఎనిమిది."

"ఎనిమిదేగా. సరిపోతారు," అని రాసుకుని ఆయన కిటికీ వేసేశాడు.

"దేనికి సరిపోతారు టీచర్?" అంది నాగదుర్గ.

అడగాలని తనకి తోచనే లేదని సువర్చలకి అప్పుడు తెలిసింది. కిటికీ వైపు చూసింది. లోపల బీరువా తాళం వేస్తున్న చప్పుడైంది. మెట్టు మీదున్న నలుగురూ పారలు సర్దుకుని, అలవాటైన వాళ్ళలా, వెనక రాబోయే మరో నలుగురికి చోటిస్తూ ఇంకాస్త జరిగారు. ఆవిడ కూడా గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని జరిగింది.

"మోషే, ఆ ప్రశ్న రాసుకో," అంది. "మార్జిన్ గీసి రాయి. రేపు లోపలికొచ్చాక చేద్దాం."